అమ్మ ముఖాన పసుపు

తిరుపతిలో నేను మెడికల్ కోడర్‌ని. ముక్కూ మొహం తెలియని అమెరికా రోగుల రిపోర్టులు చదివి, ఏ జబ్బుకు ఆ కోడ్ వేస్తాను. "కామెర్లు ఎట్ల కనిపెడతారమ్మా?" అని నాయన ఒకరోజు అడిగాడు. నా పని గురించి ఆయన అడగడం అదే మొదటిసారి. మురిసిపోయాను. పైత్యరసం పారే నాళం మూసుకుపోతే ముఖమూ కళ్ళూ పచ్చబడతాయని వివరంగా చెప్పాను.

ఆ తర్వాత అమ్మ రోజూ ముఖానికి పసుపు పూసుకునేది. నాతో తల దించుకునే మాట్లాడేది. చలిజ్వరంతో పడిపోయాక ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు స్కాన్ చూసి నాళంలో రాయి అడ్డుపడిందన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి దాస్తా ఉండారు?" అని అరిచాను.

"ఆపరేషనంటావని మీయమ్మకు భయం. పసరు తాగిస్తా ఉండాను," అన్నాడు నాయన. "మొగం సూస్తే తెలిసిపోతాదని నువ్వే చెప్తివి గదమ్మా. అందుకే పసుపు తెచ్చిస్తిని."