ఎడమ చెవిలోని రెండో గొంతు

పోయిన వానాకాలం చివర్లో ఒక ఆదివారం పొద్దున, మొహం కూడా ఎరగని మనుషులతో నేను పెద్ద గొడవ పెట్టుకున్నాను. నాకు ఇరవై ఏళ్లుగా ప్రాణమైన ఒక విదేశీ బ్యాండు ఉంది. రాక్ అంటారు గానీ గోలగోలగా ఉండదు, మెత్తగా ఉంటాయి పాటలు. వాళ్ల నాలుగో ఆల్బమ్ పాత రికార్డింగును ఎవరో పూనుకుని శుభ్రం చేసి కొత్తగా విడుదల చేశారంటే, టిఫిను కూడా పక్కనపెట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాను. చివరి పాట వచ్చింది. అందులో పెద్ద గాయకుడి పక్కనే ఇంకో గొంతు రావాలి. రాలేదు. మొదటినుంచీ పెట్టాను. అప్పుడూ రాలేదు. నా ఒళ్లు మండిపోయింది.

ఆ బ్యాండు అభిమానుల గుంపొకటి ఉంది ఫోనులో. రకరకాల దేశాల వాళ్లు. అందులో నా ఐటీఐ ఇంగ్లీషుతో ఇంత పొడుగు రాసి పడేశాను. బతికున్నన్నాళ్లూ ఆ రెండో గొంతు ఆయన్ని మూలన నిలబెట్టారు, పోయాక గొంతు కూడా తుడిచేశారు, సిగ్గు లేదా అని రాశాను. ఒకాయన మర్యాదగానే, ఉంది కదా, ఎడమవైపు విను అన్నాడు. ఇంకొకాయన, ఇదివరకటికన్నా ఇప్పుడే బాగా వినపడుతోంది అన్నాడు. నేను తగ్గితేనా! మీకసలు చెవులున్నాయా అని రాశాను. సరిగ్గా ఆ మాటే రాశాను. ఇప్పుడు తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

చివరికి ఎవరో ఆవిడ, ఒకసారి హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టుకుని చూడండి అని సలహా ఇచ్చింది. ఆవిడ మాట తప్పని రుజువు చేద్దామనే తిరగేసి పెట్టుకున్నాను. కుడి చెవిలో ఆయన పాడుతున్నాడు. పాత గొంతే, ఎక్కడికీ పోలేదు. మళ్లీ మామూలుగా పెట్టుకున్నాను. లేడు. పాట అయిపోయేదాకా అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "ఏందది, బొమ్మలాట ఆడుకుంటాండావు?" అంది. ఏం లేదన్నాను. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేశాను.

ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందో చెప్పాలి. ఐటీఐ అయ్యాక అనంతపురం వైపు నుంచి పనికోసం ఈ కన్నడ ఊరికి వచ్చి, ఫ్యాక్టరీల మధ్య హెబ్బగోడిలో నలుగురం కలిసి ఒక రూములో ఉండేవాళ్లం. అందులో ఒకాయన కోలారు వైపు తెలుగాయన, ఏదో హోటల్లో ఎలక్ట్రీషియన్. తాతల నాటినుంచీ కన్నడదేశంలోనే ఉన్న కుటుంబం, ఆయన మాటల్లో ఏది కన్నడమో ఏది తెలుగో ఆయనకే తెలియదు. బళేపేట బజారులో తక్కువకొస్తే కొన్నానని ఒక కట్ట సీడీలు తెచ్చాడు. "సుమ్నే కండ్లు మూసుకోని ఇనప్పా. అర్థం సంగతి ఆమేల చూస్తాం" అన్నాడు, ఊరికే విను, అర్థం తర్వాత చూద్దామని. విన్నాను. ఆ అర్థం సంగతి చూడ్డానికే నేను ఇంగ్లీషు నేర్చుకున్నాను.

ఆ బ్యాండు పాటలు రెండు మీకూ తెలిసే ఉంటాయి. ఈ ఊళ్లో ఏ మాల్‌లో లిఫ్టెక్కినా ఆ రెంటిలో ఒకటి మోగుతుంటుంది. నాకు ఆ రెండంటే ఒళ్లు మంట. అవి పెద్ద గాయకుడివి, జుట్టు ఎగరేసుకుంటూ పాడతాడే, ఆయనవి. నేను చెప్పేది ఫొటోలో చివరన నిలబడ్డాయన గురించి. గిటారు వాయిస్తూ రెండో గొంతు పాడేవాడు. మూడో ఆల్బమ్ అట్ట మీదైతే ఆయన భుజం సగానికి కోసేశారు, అట్ట చిన్నదైపోయిందట! అన్ని ఆల్బమ్‌లలో కలిపి ఆయనకు సొంతంగా పాడనిచ్చినవి మూడే పాటలు. ఒకటి ఉతికిన బట్టలు మడతపెడుతున్న మనిషి పాట. ఇంకొకటి, మిగతావాళ్లు టీ తాగడానికి పోయినప్పుడు తనొక్కడే పాడేసుకున్నట్టుంటుంది, డ్రమ్ములు కూడా ఉండవు. మూడోదాంట్లో ఆర్గాన్ వాయించేవాడు పాట మొత్తం ఒకే స్వరం మీద వేలు పెట్టుకుని కూర్చుంటాడు, కదలడు. ఆ ఆర్గాన్ ఆయనని గురించి ఒక్క మాట రాసిన మహానుభావుడు నాకు ఇంతవరకు కనపడలేదు. ఎంత ఓపికుండాలి, వేలు కదపకుండా ఉండడానికి!

అసలు ఆయన గొప్పతనం సొంత పాటల్లో కాదు, ఇంకొకరి పాటలో రెండో గొంతుగా ఉన్నప్పుడు తెలుస్తుంది. పెద్దాయన వెళ్లిపోతున్నానని దర్జాగా పాడతాడు. ఈయన అదే మాట ఒక్క క్షణం ఆలస్యంగా, వెళ్లాలని లేనట్టు పాడతాడు. పాటలో ఉన్న బాధంతా ఆ ఆలస్యంలోనే ఉంది. ఇది నాకు తెలియడానికి కారణం నా చవక ఇయర్‌ఫోన్లు. వాటిలో కుడివైపుది చెడిపోయింది, ఎడమవైపుదే పనిచేసేది. ఒక్క ఎడమ చెవితో విన్నరోజున పెద్దాయన ఒకడుగు వెనక్కేశాడు, ఈయన ముందుకొచ్చాడు. పాటలు కలిపేటప్పుడు ఈయన్ని ఎప్పుడూ ఎడమవైపే పెట్టేవాళ్లని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత మంచి ఇయర్‌ఫోన్లు కొనుక్కున్నా, ఎడమ చెవిలోదే పెట్టుకునేవాణ్ని.

పనిలో కూడా. అదే నేను చేసిన తప్పు.

నేను పనిచేసేది ప్రెస్ షాపులో. రేకును అచ్చుమీద పెడితే పైనుంచి ప్రెస్ దిగుతుంది, నేల అదురుతుంది. రోజంతా అదే మోత. చెవులకు పెట్టుకోమని కంపెనీవాళ్లు మఫ్‌లు ఇచ్చారు, చెవి మొత్తం కప్పేసే డిప్పలు. నేను ఎడమ చెవిలో ఇయర్‌ఫోను దోపి దానిమీద మఫ్ పెట్టేవాణ్ని. ఎవరికీ కనపడదు. కానీ ప్రెస్ మోత మఫ్ దాటుకుని వచ్చేస్తుంది కదా, పాట వినపడాలంటే సౌండు చివరిదాకా పెంచాలి. అంత మెత్తటి పాటలను అంత గట్టిగా విన్నవాడు ఈ లోకంలో నేనొక్కడినే అయ్యుంటాను. ఎప్పుడైనా అనుమానం వచ్చినా, దడదడలాడించే పాటలు కావు కదా, జోలపాటల్లాంటివి కదా, వీటివల్ల చెవికేమవుతుందిలే అనుకునేవాణ్ని. అలా పద్నాలుగేళ్లు.

ఏడాదికోసారి మాకు చెవి పరీక్ష ఉంటుంది. గాజు గదిలో కూర్చోబెట్టి చెవిలో సన్నగా కూత వేస్తారు, వినపడగానే బటన్ నొక్కాలి. తప్పితే ప్యాకింగ్‌కు పంపేస్తారు. ప్యాకింగ్ అంటే మా ప్రెస్‌వాళ్లకు చచ్చేంత నామోషీ. పరీక్ష చేసేవాడు కూతకూ కూతకూ మధ్య ఒకే ఎడం ఇచ్చేవాడు. ఇన్నేళ్లు పాటలు విన్నవాడికి తాళం తెలియదా? వినపడకపోయినా లెక్కపెట్టుకుని నొక్కేశాను. రెండేళ్లు అలాగే పాసయ్యాను. బయటికొచ్చి పక్కవాడితో, "నా చెవులు పాము చెవులప్పా" అని గొప్పలు కూడా పోయాను. ఎవర్ని మోసం చేస్తున్నానో ఆలోచించనేలేదు.

ఇంట్లో తెలియలేదా అంటే, తెలిసేది. తప్పు నాది కాదనుకునేవాణ్ని. టీవీ సౌండు ఎందుకంత అని మా ఆవిడ అరిస్తే, ఆ కొత్త టీవీయే దండగ అనేవాణ్ని. మా పాప ఆరో తరగతి. అది ఏదైనా అంటే, "ఏంది? నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు నసగొద్దు, సరిగ్గా చెప్పు" అని కసిరేవాణ్ని. ఊరంతా నసుగుతోంది, నేనొక్కణ్నే బాగున్నాను అనే ధీమా.

హెడ్‌ఫోన్ల గొడవ జరిగిన వారానికి, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో చెవుల డాక్టరు దగ్గరికి పోయాం, నేనూ మా ఆవిడా. ఈసారి కూతలు ఇష్టమొచ్చినట్టు వచ్చాయి, తాళం దొరకలేదు. డాక్టరమ్మ చిన్న వయసుది, కన్నడంలో నెమ్మదిగా, ప్రతి మాటా విడదీసి చెప్పింది. కాగితం మీద ఒక గీత చూపించింది. మొదట్లో చదునుగా ఉండి, చివర్లో కిందికి జారిపోయింది. ఎడమ చెవి చాలావరకు పోయిందట. కుడి చెవికి కూడా సన్నటి శబ్దాలు అందడం తగ్గుతోందట. పోయింది తిరిగి రాదట.

"చెవికి మెషిన్ పెట్టుకుంటే పాటలో రెండో గొంతు వినపడుతుందా మేడం?" అని అడిగాను.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నేను బ్యాండు గురించి, ఎడమవైపు గురించి, ఫొటో చివరన నిలబడే మనిషి గురించి చెప్పుకుంటూ పోయాను. ఆపుకోలేకపోయాను. ఆ గదిలో నా కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆవిడ మొత్తం విని, మెషిన్ శబ్దాన్ని పెంచుతుంది గానీ గొంతును మునుపటిలా తెచ్చివ్వలేదు అంది. తర్వాత, "పాట సంగతి తర్వాత చూద్దాం సార్. ముందు పోయేవి సన్నటి గొంతులు. ఇంట్లో పిల్లల మాటలు వినపడుతున్నాయా?" అని అడిగింది. నేను బాగానే వినపడుతున్నాయన్నాను. మా ఆవిడ నావైపు చూసి తల తిప్పుకుంది.

బస్సెక్కి ఇంటికొచ్చాం. మాది ఒకే నడవాకు ఎనిమిది ఇళ్లున్న వఠారం. గేటు దాటి మా గడప తొక్కామో లేదో, మా ఆవిడ చేతిలో సంచి కింద పడేసి మొదలుపెట్టింది. నాకు వినపడాలని ఎదురుగా నిలబడి మరీ అంది.

"సచ్చిపోయినోని గొంతు ఇనపడలేదని వారం దినాలుగా సరిగ్గా అన్నం తినకుండా ఉండావు. డాక్టరు ముందర ఏడ్చినావు. నీ బిడ్డ నీతో మాట్లాడి ఎన్ని దినాలైందో తెలుసునా నీకు?"

"అదేంది? నిన్న కూడా చెప్పింది కదా, స్కూల్లో మీటింగని."

"అది చెప్పింది నేను! నోట్‌బుక్ కావాలన్నా నేనే, జరమొచ్చిందన్నా నేనే. బడి తెరిసినప్పట్నుంచి అది నీకు ఒక్క మాట చెప్పలా. నువ్వు కనుక్కుంటావేమో అని నేనూ చూస్తానే ఉండా."

కాదని వాదించబోయాను, నాకు అలవాటే కదా. వాదించడానికి పాప అన్న మాట ఒక్కటైనా కావాలి. వెతికాను. పోయిన వారంలో ఒకటి, పోయిన నెలలో ఒకటి. దొరకలేదు. బడి తెరిచింది జూన్‌లో. అప్పటికి దసరా సెలవులు కూడా వచ్చేశాయి.

పాప నడవాలో మెట్టు మీద కూర్చుని ఏదో రాసుకుంటోంది. దగ్గరికి పోయి కూర్చున్నాను. "ఏమ్మా, నాతో ఎందుకు మాట్లాడవు?" అన్నాను. తలెత్తి చూసింది. పెదవులు కదిలాయి. నాకు ఏమీ వినపడలేదు.

"సరిగ్గా చెప్పమ్మా" అన్నాను. ఎప్పుడూ అనే మాట అదేనని, అన్నాక గాని తెలియలేదు. దాని మొహం ఎర్రబడింది. పుస్తకం పక్కన పెట్టి లేచి నిలబడింది.

"నేను పిలిస్తే నువ్వు పలకవు! చెప్తే తిడతావు! అందుకే మానేసినా!"

నడవాలో బట్టలారేస్తున్న ఆవిడ చేతిలో చీర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పక్కింటి తలుపులోంచి ఎవరో తొంగిచూశారు. ప్రతి మాటా వినపడింది నాకు. ఎనిమిది ఇళ్లకూ వినపడింది. నన్నడిగితే ఆ గిటారు ఆయన ఏ పాటలో ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో ఇప్పటికీ చెప్పగలను. నా కూతురు మామూలుగా మాట్లాడితే దాని గొంతు ఎలా ఉంటుందో, అక్కడే కూర్చుని ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

చెయ్యి పట్టుకుని దాన్ని కుడివైపు కూర్చోబెట్టుకున్నాను. "తిట్టనమ్మా. ఇంకోసారి చెప్పు. ఈసారి అరవకుండా చెప్పు" అన్నాను.

పాప నా చెవి దాకా వంగింది. మళ్లీ గొంతు పెంచే అంది:

"అరవకుంటే నీకు ఇనపడదు కదా నాయనా!"