నాగప్ప నవ్విన ఫొటో

కొత్త పంచె మడత విప్పితే గంజి వాసన వస్తుంది. ఎవరికైనా అది పండగ వాసన. నాకు మాత్రం ఆ వాసనతో పాటు నా తెలివితక్కువతనం కూడా మడత విప్పుకుని ఎదురుగా కూర్చుంటుంది. రెండు భాషలు వచ్చినవాణ్ణని మురిసిపోయే రోజుల్లో, చెప్పవలసిన ఒక్క మాటను ఏ భాషలోనూ చెప్పలేకపోయాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో లండన్‌లో జరిగే ఒక ప్రదర్శనకు మన మగ్గాన్ని పంపారు. దాని మీద పంచెలు నేసి చూపించడానికి ఎమ్మిగనూరు నాగప్పను, ఆయన మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి ఆదోని గుమాస్తానైన నన్ను, మా ఇద్దరినీ తోలుకుపోవడానికి ఢిల్లీ అధికారి ఒకాయనను పంపారు. ఆరు నెలల ప్రయాణం. నాగప్పకు యాభై ఏళ్ళుంటాయి. నన్ను ‘దుబాసప్పా’ అనేవాడు. ఓడలో నేను మూడు రోజులు వాంతులు చేసుకుంటే, "రెండు బాసలూ కడుపులో కొట్లాడుకుంటాండాయేమో" అంటూ నా తల పట్టుకుని కూర్చున్నాడు. ప్రదర్శనలో పోగు తెగితే, చూసే దొరలు ఎంతమంది ఉన్నా మగ్గం ఆపేసేవాడు. "అతికినాకే నేసేది. వాళ్ళను నిలబడమను."

నాలుగో నెలలో మాకు రెండు రోజులు సెలవు దొరికింది. పారిస్ చూపిస్తానన్నాడు అధికారి. బయలుదేరే ముందురోజు, శుక్రవారం, తంతి వచ్చింది. నాగప్ప భార్య గంగమ్మ చనిపోయింది. అధికారి చదివి కాగితం జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఎలాగూ వెళ్ళలేడు. సోమవారం చెబుదాం" అన్నాడు. అది దయలాగే వినిపించింది. నిజానికి నాకు పారిస్ చూడాలని ఉంది.

ఆ రెండు రోజులూ నాగప్ప తిరిగినంత నేను తిరగలేకపోయాను. తీపిరొట్టె తిని, మీసానికి అంటిన చక్కెర తుడుచుకున్నాడు. ఒక అంగడి ముందు ఎర్రపూసల దండ ఎత్తి పట్టుకున్నాడు.

"మా గంగమ్మ ఏసుకుంటాదంటావా, దుబాసప్పా? ఈ వయసులో ఇదేం సోకని నగుతాదేమో."

"ఏసుకుంటాదన్నా" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వును అధికారి ఫొటో తీశాడు.

సోమవారం ఉదయం చెప్పాను. నాగప్ప ముందు అడిగింది ఇదే.

"తంతి ఎప్పుడొచ్చింది?"

"శుక్రవారం."

"అయితే పూసలు కొన్నపుడు నీకు తెల్సు."

తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. "తలకు నీళ్ళు పోసుకోవాల, రా" అన్నాడంతే. బసలోని స్నానాల గదిలో, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆయన చెంబుతో నేనే చన్నీళ్ళు పోశాను. వణికింది మాత్రం నేను. అప్పటి నుంచి చెడు కబురు నా చేతిలో గంట కూడా నిలవదు.

మేము తిరిగి వచ్చేసరికి, అధికారి పంపిన ఆ ఫొటో మాకంటే ముందే ఎమ్మిగనూరు చేరి, నేత సంఘం గోడ ఎక్కింది, కింద పారిస్ పేరు, తేదీతో సహా. చదువు రానివాళ్ళకు గంగమ్మ తమ్ముడు చదివి వినిపించాడు. "ఈడ మా అక్కను మట్టి సేసి రెండు దినాలు గాలేదు, తంతి అందినాక గూడా ఆడ మా బావ పండ్లు ఇగిలిస్తాండాడు, సూడండప్పా." నాగప్ప కూతురు తండ్రికి కూడు పెట్టడం మానలేదు గానీ, మాట్లాడడం మానేసింది.

నేను ఆదోని నుంచి బస్సులో వెళ్ళి, జరిగింది అందరికీ చెబుతానని నాగప్పతో అన్నాను.

"వద్దప్పా. నిన్నంటారు. చిన్నోనివి, నీకింకా పెండ్లి గావాల."

ఆ ‘వద్దు’ను రెండేళ్ళు ఎంతో వినయంగా పాటించాను. పెద్దల మాట వినడమంత సులువు పిరికివాడికి మరొకటి లేదు.

రెండేళ్ళకు సంఘం వార్షికోత్సవానికి ఆ అధికారి వచ్చాడు. తర్జుమాకు నన్నే పిలిచారు. ముందు వరసలో నాగప్ప, ఆడవాళ్ళలో ఆయన కూతురు. అధికారి ఫొటో వైపు చెయ్యి చూపించి, "ఇతని జీవితంలోకెల్లా సంతోషమైన ఆ రెండు రోజులు నేనిచ్చినవే" అన్నాడు ఇంగ్లీషులో.

నేను తెలుగులో చెప్పాను: "ఈ ఫొటో తీసేనాటికి, గంగమ్మ పోయిందన్న తంతి ఈయన జేబులో ఉండింది. నాకూ తెలుసు. నాగప్పన్నకు తెలీదు. పారిస్ మీద ఆశతో నేను నోరు మూసుకున్నాను. ఆయన నవ్వింది ఆయమ్మకు పూసలు కొంటూ."

కూతురు లేచి వచ్చి, తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

అధికారి నా వైపు వంగాడు. "చప్పట్లు కొట్టరేం?"

"ఇంతవరకు సరిగ్గానే తర్జుమా చేశానండీ" అన్నాను. "తరువాతది చెప్పండి."