మళ్లీ ఎత్తుకున్న పాట

నాకు పందొమ్మిదేళ్లప్పుడు ఒక క్యాసెట్ వచ్చింది. అట్ట మీద నా ఫొటో ఉంటుంది. జీన్స్ ప్యాంటు, చెవులకి గాజులంత రింగులు, ఎవరో అరువిచ్చిన స్కూటర్ మీద కూర్చుని తెగ నవ్వుతుంటాను. ఆ స్కూటర్ నడపడం నాకప్పుడు రాదు, ఇప్పుడూ రాదు. పాట మాత్రం కృష్ణా జిల్లాలో మైకు కట్టిన ప్రతిచోటా మోగింది. కాలవ గట్టు మీదికి స్కూటరేసుకు రమ్మని ఎదురింటి అబ్బాయిని ఒక పిల్ల కవ్వించే పాట అది. పెళ్లిళ్లలో వేశారు, కాలేజీ ఫంక్షన్లలో వేశారు, వినాయక చవితి పందిట్లో కూడా వేశారు. మా చర్చిలో పాస్టరుగారు ఒక ఆదివారం లోకసంబంధమైన పాటల గురించి ప్రసంగం చేస్తూ, నావైపు చూడకుండా ఉండటానికి పాపం చాలా కష్టపడ్డారు.

ఆ తర్వాత ఇంకో క్యాసెట్ చెయ్యలేదు. దాని వెనక పెద్ద కథేం లేదు. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, అవీ పోయాయి. ఈలోపు నేను బీఈడీ చేశాను, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఉయ్యూరు వచ్చి పడ్డాను. హైస్కూల్లో సోషల్ చెప్పుకుంటూ సుఖంగానే ఉన్నాను. "అయ్యో, పాడటం మానేశారా" అని జాలిపడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. చర్చిలో పాడుతున్నాను, వంటింట్లో పాడుతున్నాను, స్కూల్లో జెండా పండక్కి పాడుతున్నాను. మానేసింది క్యాసెట్లే గాని నేను కాదు.

ఈమధ్య ఎవరో అమ్మాయి ఆ పాటకి ఫోన్లో డాన్సు చేసి పెట్టింది. ఆమెని చూసి ఇంకొకరు, వాళ్లని చూసి మరొకరు చేశారు. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఖండాలూ మహాసముద్రాలూ వదిలేసి నా మొహంకేసి అదోలా చూడటం మొదలుపెట్టారు. ఆ వారమే గవర్నర్‌పేట నుంచి ఫోనొచ్చింది. చేసింది అప్పట్లో నా క్యాసెట్ తీసినాయన. ఆయనకప్పుడు క్యాసెట్ల షాపుండేది, ఇప్పుడు అదే షాపులో సెల్‌ఫోన్ కవర్లమ్ముతారు. ఆ రోజుల్లో నన్ను "ఏమ్మా" అని పిలిచేవారు. ఫోన్లో "మేడమ్ గారూ" అన్నారు. పనుండి చేశారని అప్పుడే అర్థమైంది.

మళ్లీ ఒక ఆల్బమ్ చేద్దామన్నారు. ఆలోచించి చెబుతానండీ అని గంభీరంగా అనాలని నాకూ తెలుసు. నోరు ఆగలేదు, వెంటనే సరేనన్నాను. ఒక్క షరతు మాత్రం పెట్టాను. పాటలు నా ఇప్పటి వయసువై ఉండాలి, మాటలు నేనే రాసుకుంటాను అన్నాను. రాశాను కూడా. చత్వారం వచ్చి కళ్లజోడు కొనుక్కోడానికి వెళ్లిన ఆవిడ మీద ఒకటి, చెరుకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కున్న బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన సంతోషం మీద ఒకటి, పిల్లలు హాస్టల్‌కి వెళ్లాక మొగుణ్ని మళ్లీ కొత్తగా చూసిన సాయంత్రం మీద ఒకటి. చివరి దాని గురించి మా ఆయన ఇంతవరకూ ఏమీ అనలేదు, కానీ అది విన్న మర్నాడే కొత్త షర్టు కొనుక్కున్నాడు.

షాపాయనకి చత్వారం పాట బాగా నచ్చింది. అయితే ఆయనా ఒక షరతు పెట్టారు. మొదటి పాట పాతదే ఉండాలి, అదీ పాత గొంతుతోనే ఉండాలి. జనం ఆ గొంతు కోసం వస్తారు, వచ్చాక మిగతావి వింటారు. అది సరిగ్గా రాకపోతే ఆల్బమే లేదు. ఆయన మర్యాదగా, చాలాసార్లు 'అండీ' చేర్చి చెప్పారు గాని, విషయం అంతే.

స్టూడియో గవర్నర్‌పేటలో ఒక లాడ్జి వెనక మేడ మీద ఉంది. పాడేటప్పుడు ఏసీ కట్టేస్తారు, ఆ చప్పుడు మైకులోకి వస్తుందట. తలుపులన్నీ బిగించినా కింద సిటీ బస్సు హారన్ మాత్రం వస్తుంది, దానికి మందు లేదు. సంగీతం చేసే అబ్బాయి మెడకి హెడ్‌ఫోన్లు వేలాడేసుకుని తిరుగుతాడు, కొత్తగా పెళ్లయినవాడు. వాళ్లమ్మ ఈ పాట వినని రోజు లేదని, తను కడుపులో ఉన్నప్పుడే నా అభిమాని అయిపోయుంటానని చెప్పాడు. పొగిడాడో, నా వయసు లెక్క కట్టాడో తెలీలేదు.

పల్లవి వచ్చింది. చరణం దగ్గరకొచ్చేసరికి గొంతు పైకి ఎక్కనంది. పందొమ్మిదేళ్లప్పుడు గెంతుకుంటూ ఎక్కిన చోటు అది. ఇప్పుడు రెండు మెట్లు కింద నిలబడి ఆయాసపడుతోంది. మర్నాటి నుంచి శొంఠి, మిరియాలు, పటికబెల్లం, వేణ్ణీళ్ల పుక్కిలింత మొదలెట్టాను. వారం తిరిగేసరికి కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మామూలు గొంతు కూడా బొంగురుపోయింది. క్లాసులో అటెండెన్స్ పిలిస్తే పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

సంగీతం అబ్బాయి నన్ను ఓదార్చాడు. అందినంత పాడండి మేడమ్, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది అన్నాడు. పాడాను. ఆ సాయంత్రం కూర్చోబెట్టి వినిపించాడు. నిజం చెప్పొద్దూ, దిమ్మ తిరిగింది. అదే పందొమ్మిదేళ్ల పిల్ల. అదే గెంతు. షాపాయన కళ్లు తుడుచుకున్నారు. నేను నవ్వుతూ కూర్చున్నాను గాని, లోపల ఆ పిల్ల మీద ఎక్కడలేని అసూయ పుట్టింది. నన్ను పక్కకి నెట్టి నా పాట తనే పాడేస్తున్నట్టనిపించింది.

ఇంటికొచ్చి మా అత్తగారికి వినిపించాను. ఆవిడ గోంగూర ఒలుస్తున్నారు. మా చర్చిలో ఆడవాళ్లవైపు పాట ఎత్తుకునేది ఎన్నో ఏళ్లుగా ఆవిడే. నా పాత క్యాసెట్ ఆవిడెప్పుడూ వినలేదు, నేను కోడలిగా వచ్చాకే నా గొంతు విన్నారు. ఫోన్లో పాట అయ్యేదాకా తలూపారు. ఎవరో చిన్నపిల్ల చక్కగా పాడిందన్నారు. ఆ తర్వాత, మరి నీ పాటేదీ, పెట్టు అన్నారు. ఫోన్ స్పీకర్ బాగాలేదని విసుక్కుని లోపలికి పోయాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

అలా ఉండగా కోత పండగ వచ్చింది. ఆ రోజు చర్చి సంతలా ఉంటుంది. బలిపీఠం ముందు వరి కంకుల కట్టలు, చెరుకు గడలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టేసిన కోడిపుంజు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ పుంజు మధ్యమధ్యలో పాస్టరుగారి మాటకి అడ్డొస్తూనే ఉంది. సంఘపెద్ద పాట నంబరు చెప్పి, నేను మళ్లీ క్యాసెట్ చేస్తున్నానన్న కబురు విన్నాడో ఏమో, ఈసారి నన్నే ఎత్తుకోమన్నాడు. మా అత్తగారు పుస్తకం నా ఒళ్లో పెట్టారు.

మాలో ఒక పద్ధతుంది. పాట ఎత్తుకునేవాళ్లు ఎంత శ్రుతిలో ఎత్తుకుంటే సంఘమంతా అంతే పాడాలి. హార్మోనియం వాయించేవాడు కూడా ముందు విని, తర్వాత మీటలు వెతుక్కుంటాడు. నేను అన్ని రోజులుగా ఆ పాత పాట కోసం గొంతుని పైకి తోస్తూ ఉన్నానా, అలవాటులో అక్కడే ఎత్తుకున్నాను. పల్లవిలో అందరూ కలిశారు. మొదటి చరణంలో మగవాళ్లు జారిపోయారు. రెండోదానికి ఆడవాళ్లు కూడా ఒక్కొక్కళ్లే ఆగిపోయి, పుస్తకాలు మూసి నావైపు చూస్తూ కూర్చున్నారు. చర్చి నిండా జనం, పాడేది నేనొక్కదాన్నే. నాకు తోడుగా ఆ పుంజు. కచేరీ బ్రహ్మాండంగా సాగుతోందని ఒక్క క్షణం నాకు గర్వమేసింది కూడా. చరణం ముగిసేలోపే మా అత్తగారు నా మోకాలు మీద చెయ్యేసి, బాగా కిందనుంచి, మళ్లీ పల్లవి ఎత్తుకున్నారు. వెనక వరసల నుంచి వరదలా వచ్చి కలిశారు. మగవాళ్లవైపు ఒక ముసలాయన చేతాళాలు అందుకున్నాడు. పాట చివరికి వచ్చేసరికి పైకప్పు లేచిపోతుందేమో అన్నట్టుంది.

నాకు తలకొట్టేసినట్టయింది. ఇంటికెళ్లే ఆటోలో, వేలంలో కొన్న గుమ్మడికాయని ఒళ్లో పెట్టుకుని, నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాను. మా అత్తగారు ఆ గుమ్మడికాయ దొర్లిపోకుండా ఒక చెయ్యేసి పట్టుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు.

"పాట ఎత్తుకునేటప్పుడు మనకెంత అందుద్దా అని చూడకూడదమ్మాయ్. ఎనక కూర్చున్నోళ్లకి ఎంత అందుద్దో చూసి ఎత్తుకోవాలి. నువ్వొక్కదానివే పాడటానికా ఎత్తుకుంది?"

కోపమొచ్చింది. ఆవిడ చెప్పింది నిజమైనందుకు ఇంకా వచ్చింది. కానీ ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చునేసరికి కోపం పోయి ఒక మొండితనం మిగిలింది. ఆ పిల్ల ఎంత బాగా పాడినా సరే, నా ఆల్బమ్ మీద ఆ కంప్యూటర్ గొంతు ఉండటానికి వీల్లేదు.

తర్వాతి ఆదివారం స్టూడియోకి వెళ్లి, శ్రుతి బాగా దించమన్నాను, వేగం కూడా తగ్గించమన్నాను. సంగీతం అబ్బాయి నెత్తి పట్టుకున్నాడు. గిటార్లన్నీ మళ్లీ చెయ్యాలి, డ్రమ్స్ మళ్లీ చెయ్యాలి. ముందు ఏ వాయిద్యమూ లేకుండా పాడతాను విను, అన్నాను. ఏసీ కట్టేశాడు. కాలవ గట్టు మీదికి రమ్మని, తొందరేం లేనట్టుగా, నెమ్మదిగా పిలిచాను. అతను మెడకున్న హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

"మేడమ్, ఇంతకుముందు పిల్లెవరో ఎదురింటి కుర్రాణ్ని పిలుస్తున్నట్టుండేది. ఇప్పుడు ఆవిడే, ఇన్నేళ్లయ్యాక, ఇంట్లో ఉన్న మొగుణ్ని పిలుస్తున్నట్టుంది."

నాకు సిగ్గేసింది. ఆ ఎదురింటి కుర్రాడికి ఈపాటికి పొట్ట కూడా వచ్చుంటుందిలే అని ఏదో అని తప్పించుకున్నాను. అతను అప్పటికే గిటార్ తీసుకున్నాడు.

షాపాయన మాత్రం ఒప్పుకోలేదు. బాగానే ఉందండీ, కానీ ఇది ఆ పాట కాదండీ అన్నారు. వాదించాను, బతిమాలాను, ఒకసారి ఫోను పెట్టేశాను కూడా. చివరికి ఒక మాటకొచ్చాం. విడుదల రోజు స్టేజి మీద నేను కింద శ్రుతిలోనే పాడతాను. జనం ఒప్పుకుంటే అదే ఆల్బమ్‌లోకి వెళ్తుంది. లేకపోతే కంప్యూటర్ పిల్ల వెళ్తుంది. రెండూ ఆయన దగ్గర సిద్ధంగా ఉన్నాయి, ఏదో ఒకటి ఆ రాత్రే ఫోన్లలోకి వదులుతారు.

గవర్నర్‌పేటలో ఒక చిన్న హాలు తీసుకున్నారు. మా స్కూలు టీచర్లొచ్చారు, ఉయ్యూరు నుంచి ఆటోలు కట్టించుకుని మా చర్చి ఆడవాళ్లొచ్చారు, కాలేజీలో నాతో చదివినవాళ్లొచ్చారు. ఒకప్పుడు ఈ పాటకి బెంచీల మీదెక్కి గంతులేసినవాళ్లు ఇప్పుడు మెట్లెక్కడానికి మోకాళ్లు పట్టుకున్నారు. ఫోన్లో డాన్సు చేసే పిల్లలు కూడా ముందు వరసల్లో ఫోన్లెత్తి పట్టుకుని కూర్చున్నారు.

పల్లవి మొదలుపెట్టాను. ఎత్తిన ఫోన్లు ఒకటి రెండు కిందకి దిగాయి. వాళ్లు ఎదురుచూసిన పాట ఇది కాదని ఆ మొహాల్లో కనపడుతూనే ఉంది. అయిపోయింది, కంప్యూటర్ పిల్లే గెలిచింది అనుకున్నాను. మొదటి చరణం అంత నిశ్శబ్దంలో ఎప్పుడూ పాడలేదు. అప్పుడు మూడో వరసలో మా లెక్కల టీచరు కనపడింది. జెండా పండక్కి జాతీయగీతం కూడా పెదవులు కదపకుండా నిలబడే మనిషి. ఆవిడ నోరు కదులుతోంది. పక్కావిడ కలిసింది. మా చర్చి వాళ్లకైతే కలవడం పుట్టుకతో వచ్చిన విద్య. రెండో చరణానికి హాలంతా అందుకుంది. పైస్థాయి దగ్గర ఎవరూ జారిపోలేదు, మగవాళ్లు కూడా. నేను మైకు కాస్త దూరం పెట్టాను. నా గొంతు నాకే వినపడలేదు. నేను ఏ కచేరీలోనూ అంత సంతోషంగా లేను.

పాట అయ్యాక స్టేజి పక్కకి వచ్చాను. షాపాయన తెర దగ్గర నిలబడి ఉన్నారు. మొహం ఎర్రబడి ఉంది.

"ఈ పాట ఎన్ని క్యాసెట్లమ్మానో నాకే తెలీదమ్మా" అన్నారు. మేడమ్ గారు అనడం మర్చిపోయారు. "పొద్దున షాపు తీసిన దగ్గర్నుంచి కట్టేసేదాకా మోగేది. దాంతోపాటు నేనూ పాడేవాణ్ని, చరణం వచ్చేసరికి ఆగిపోయేవాణ్ని. నాకెప్పుడూ అందలేదు. ఇవ్వాళే మొత్తం పాడాను."

ఏ గొంతు విడుదల చేద్దామని నేను అడగలేదు. ఆయన మళ్లీ చరణం ఎత్తుకున్నారు. శ్రుతి ఎక్కడా నిలవలేదు. నేనూ కలిశాను.