గొర్రె కాదు, బేబేది

నారిన్ పట్నం దగ్గర కొండల్లో ఓ ఊరి పశువుల ఆసుపత్రిలో కంప్యూటర్ ముందు కూర్చునేది జీదేగుల్. నోరున్న మనిషే, ఎవరినైనా కడిగి ఆరేస్తుంది. మామగారి పేరు మాత్రం ఆ నోట రాదు. అత్తింటి పెద్దల పేర్లు కోడలు పలుకుతుందా, సిగ్గులేకపోతే సరి! ఆయన పేరు కొయ్‌చుమన్. వాళ్ల భాషలో కొయ్ అంటే గొర్రె. అంచేత పెళ్లయిన నాటినుంచీ ఆవిడకి గొర్రె గొర్రె కాదు, బేబే అని అరిచే 'బేబేది'.

ఆ వారమే జిల్లా సర్వర్‌కి తగిలించిన కొత్త ప్రోగ్రాము వచ్చింది. ఊరి పశువులన్నిటినీ ఇంటివారీగా అందులో ఎక్కించాలి. ఆవులెక్కాయి, గుర్రాలెక్కాయి, గొర్రె ఒక్కటీ ఎక్కదే! "సర్వర్ తిరస్కరించింది" అని ఎర్రక్షరాలు. పక్క లోయలో అప్పటికే మశూచి సోకి గొర్రెలు చస్తున్నాయి. సాయంత్రంలోగా ఈ ఊరి గొర్రెలు సర్వర్లో కనపడకపోతే టీకాల బండి ఆగకుండా పోతుంది. డాక్టరేమో కొండమీద మందల దగ్గరున్నాడు.

నగరంనుంచి ప్రోగ్రామరు ఎర్మెక్ ఫోన్లోనే కేబుల్ పీకించాడు, పెట్టించాడు. ప్రోగ్రాము చెరిపించి మళ్లీ ఎక్కించాడు. ఊహూఁ.

"అక్కా, జంతువు గడిలో ఏం కొట్టావో చదువు."

"బేబేది."

"వేళాకోళమా? ఇక్కడ నా ప్రాణం పోతోంది! సర్వర్ జాబితాలో ఉన్న పేరే కొట్టాలి. కొయ్ అని కొట్టు!"

"అమ్మో, అది మా మామగారి పేరు! నావల్ల కాదు తమ్ముడూ."

"పలకొద్దు తల్లీ, కొట్టు!"

"వేళ్లు మాత్రం ఎవరివి? ఆ ఇంటి కోడలివి కావూ?"

అంతలో టీకా సంగతి కనుక్కోడానికి మామగారే వచ్చాడు. కోడలి ఉద్యోగమంటే ఆయనకి మొదట్నుంచీ గిట్టదు. సంగతి విని టోపీ వెనక్కి తోసి, "ఏమ్మా కోడలా, నా పేరు ఊరి గొర్రెల్ని చంపుతోందా? నేనే చెబుతున్నా, అనెయ్" అన్నాడు.

జీదేగుల్ కళ్లు మూసుకుని "కొ..." అంది. ఏడ్చేసింది. "మీరు తిట్టినా అనలేను మామయ్యా."

ముసలాయన కుర్చీ లాక్కుని, అక్షరాలు వెతుక్కుంటూ ఒంటివేలితో 'కొయ్' అని కొట్టాడు. సర్వర్ కిక్కురుమనకుండా తీసుకుంది. ఇంటింటి గొర్రెలకీ అలాగే కొట్టాడు. చీకటి పడకముందే బండి వచ్చి ఆగింది.

ఇప్పుడు పొద్దున్నే ఆఫీసుకి కోడలికంటే ముందు తయారయ్యేది ఆయనే. మొన్న ఎర్మెక్ ఫోన్ చేశాడు.

"అక్కా, జంతువుల జాబితా తెరమీదే పెట్టేశాను. ఇక కొట్టక్కర్లేదు, కళ్లు మూసుకుని మౌస్ నొక్కినా చాలు."

జీదేగుల్ పక్కకి చూసింది. మామగారు కళ్లజోడు తుడుచుకుని, వేలు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు.

"అది ఇక్కడ పనిచెయ్యట్లేదు తమ్ముడూ" అంది.