వాగు మీద ఎగిరిన కెమెరా

ఎండ ముదరకముందే పని ముగించాలని ఖమ్మం బస్టాండులో ఉదయం ఐదుంబావుకు భద్రాచలం బస్సెక్కాను. ఒళ్లో డ్రోన్ పెట్టె. అడవి హద్దు మీదుగా ఫొటోలు తీసి, వాటిని కలిపి పటం చెయ్యడం నా ఉద్యోగం. పాల్వంచలో నైట్ డ్యూటీ దిగి బస్సెక్కిన ఒకాయన పక్కన కూర్చుని పెట్టె వైపు చూశాడు.

"గిండ్ల ఏందమ్మా?"

చెప్పాను.

"అడవిల మా అత్తగారోళ్ల పోడు చేనుంది, పట్టా లేదు. అది గూడ పడ్తదా?"

"పడుతుందండీ."

ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఎనిమిదిన్నరకు భద్రాచలం. ఇడ్లీ తిని, సీసాల్లో నీళ్లు నింపుకుని ఆటో ఎక్కాను. అడవి లోపల నీళ్లు దొరకవు. రోడ్డు ఆగేచోట సోమయ్య ఎదురుచూస్తున్నాడు. అడవిలో మంటలు కనిపెట్టే వాచర్ అతను. ఇద్దరం గుట్టెక్కాం.

పదిన్నరకు రెండోసారి డ్రోన్ లేపాను. తెర మీద పొగ. దాని కింద సన్నటి ఎర్ర గీత ఎండుటాకుల మీద కదులుతోంది. దానికి ఇవతల, ఎండిన వాగులో బీడీల తునికాకు మూటలతో ఆరుగురు ఆడవాళ్లు నేరుగా అటే నడుస్తున్నారు. మధ్యలో మిట్ట అడ్డం. మంట వాళ్లకు కనిపించదు.

సోమయ్య తెర మీదికి వంగాడు. "పచ్చ చీర మా అక్క లచ్చి."

ఫోన్లకు సిగ్నల్ లేదు. వెనక్కి మళ్లుతారేమోనని డ్రోన్ కిందికి దించి వాళ్ల ముందు అటూ ఇటూ తిప్పాను. ఆరుగురూ మూటలు పారేసి పొదల్లోకి దూరారు.

"పోడు చేన్ల సర్వేకొచ్చిందనుకుంటున్నరు. నేను పోత మేడమ్. దాన్ని నా ముందల పోనియ్యుండ్రి. అదెటు పోతే నేనటు."

గుట్ట దిగి పరుగెత్తాడు. మంట లేని సందుల్లోంచి డ్రోన్‌ను అతని ముందు నడిపాను. బ్యాటరీ ఇరవై రెండు శాతం. అతను పొదల దగ్గర చేతులు ఊపాడు. ముందుగా పచ్చ చీర బయటికొచ్చింది. వాళ్లను ఎగువనున్న బోడ బండ వైపు తీసుకెళ్లాను. తొమ్మిది శాతం దగ్గర, డ్రోన్‌ను వెనక్కి రప్పించమని చేతిలోని రిమోట్ కూత పెట్టింది. రప్పించలేదు. పొగ కమ్మింది. తెర నల్లబడింది.

గుట్ట మీద ఒక్కదాన్నే. సోమయ్యను రెండుసార్లు పేరు పెట్టి పిలిచాను.

పదకొండూ ఇరవైకి ఎవరో దగ్గడం వినిపించింది. ముందు సోమయ్య, వెనక ఆడవాళ్లు. లెక్కపెట్టాను. ఆరుగురు. లచ్చి కొంగు కాలింది. బండ మీద పడ్డ డ్రోన్‌ను ఒడిలో పెట్టుకుని తెచ్చింది.

"గిది మమ్ముల పట్టిచ్చెతందుకు వచ్చిందనుకున్నం," అంటూ నా చేతికిచ్చింది. దాని కెమెరా చూపిస్తూ, "మా చేను గూడ తీసినవా బిడ్డా?"

"తీశానమ్మా."

"ఎవ్వలకు సూపిస్తవ్?"

ఆఫీసులో ఇస్తానని చెప్పాను. అక్కణ్నుంచి ఎటు పోతుందో నాకూ తెలియదని కూడా చెప్పాను. ఆమె నీళ్ల సీసా అందుకుంది.

సాయంత్రం నాలుగింటి బస్సుకు తిరుగు ప్రయాణం. గోదావరి వంతెన దాటాక పెట్టె తెరిచి డ్రోన్ మీది మసి తుడిచాను. వాళ్లకు మంట కనిపించనే లేదు. కనిపించింది నా కెమెరా, దానికే భయపడి దాక్కున్నారు. ఆ దారిన కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లు ముందు ఊళ్లోకి నడవండి. పెట్టె తెరిచి చూపించండి, ఎందుకొచ్చారో చెప్పండి. నేను ఆ పని చెయ్యకుండా నేరుగా గుట్టెక్కాను.