సింగపూరు ఎటు పక్క?

అరకు నుంచి పాడేరు పోయే బస్సులో, మంచు కమ్మిన ఒక సాయంత్రం, కొండ మీద ఊరికి పోయే ఒకావిడ నా పక్కన కూర్చుంది. ఓడలో దారి చూసే ఆఫీసర్నని చెప్పగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. వాళ్ల గుంటడు, అంటే కొడుకు, ఓడలో వంటపనికి చేరాడట.

"దారి సూపే మిసన్లు సెడిపోతే దారెలాగ తెలుత్తాది బాబూ?"

"సూర్యుణ్ణి, చుక్కల్ని చూసి కనుక్కుంటామమ్మా" అన్నాను గొప్పగా. అందుకు వాడే సెక్స్‌టెంట్‌ని, తనిఖీ వచ్చినప్పుడు తుడవడానికి తప్ప నేనసలు పెట్టెలోంచి తియ్యనని చెప్పలేదు.

"అయితే సెప్పు. మావోడి ఓడ సింగపూరు కాడుందంట. అదెటు పక్క? కొత్త సామలొండి పండగ సేసుకున్న రోజు అటు తిరిగి మొక్కుకుంతాను."

ఫోన్ తీశాను. సిగ్నల్ లేక మ్యాప్ తెరుచుకోలేదు. ఘాట్ మలుపుల్లో నాకు దిక్కులు ఎప్పుడో కలగాపులగం అయిపోయాయి. తెలియదనడానికి నోరు రాక, కిటికీలోంచి మంచులో లీలగా కనిపిస్తున్న ఒక కొండ వైపు వేలు చూపించాను. ఆవిడ వెంటనే అటు తిరిగి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టింది.

"ఆ కొండ మా ఊరికీ కనిపిత్తాది. గురుతెట్టుకుంతాను" అని తన స్టాపులో దిగిపోయింది.

బస్సు కదిలిన కాసేపటికి మంచు విడిపోయింది. సింగపూరు మనకి ఆగ్నేయాన కదా, పొద్దేమో సరిగ్గా నేను చూపించిన కొండ వెనకాలే కుంకుతోంది. బస్సాపమని నేను అడగలేదు.

ఇప్పుడు ఓడ మీద రోజూ ఆ సెక్స్‌టెంట్ పెట్టె తెరుస్తున్నాను. ఆవిడ మాత్రం కొత్త సామలొచ్చినప్పుడల్లా ఆ కొండవైపే తిరుగుతూ ఉంటుంది.