మా వదిన తేదీ

మా వదిన పోయి రెండు నెలలు కావస్తోంది. ఒక మంగళవారం పొద్దున అన్న ఫోన్ చేసి, "కాఫీ పెట్టి గంటయింది, మీ వదిన లేస్తా లేదప్పా" అన్నాడు. ఆ గొంతులో కంగారు లేదు. కాఫీ చల్లారిపోతోందన్న విసుగు లాంటిదేదో ఉంది. నేను వెళ్ళేసరికి లోటా మీద మూత పెట్టి, మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ కాఫీ నేనే సింకులో పారబోశాను. ఆ రోజు చేసిన పనుల్లో నాకు స్పష్టంగా గుర్తున్నది అదొక్కటే.

వచ్చినవాళ్ళంతా గొంతు తగ్గించి ఒకటే అడిగారు, పాత జబ్బేనా అని. కాదు, నిద్రలో గుండె ఆగిందని డాక్టరు చెప్పాడన్నాను. రొమ్ము క్యాన్సరు నయమై పన్నెండేళ్ళు దాటిందని కూడా చెప్పాను. అంగట్లో బేరానికి వచ్చినవాళ్ళకు చెప్పినట్టు, ఎవరడిగినా అదే మాట, అదే గొంతు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

నేను చిక్కపేట బట్టల అంగట్లో నలభై ఏళ్ళు చీరలు విప్పి చూపించి, మళ్ళీ మడతపెట్టినవాణ్ణి. బడి చదువు నాలుగో తరగతితో ఆగింది. తక్కినదంతా మూటలకు చుట్టి వచ్చిన పాత పేపర్లలో నేర్చుకున్నాను. అందుకే నాకు తెలిసిన కథల్లో సగానికి చివర ఉండదు, పేపరు అక్కడ చిరిగిపోయి ఉంటుంది. పంచాంగం చూడటం మాత్రం పూర్తిగా నేర్చుకున్నాను. ఆ గర్వమే వదిన దగ్గర నా పరువు తీసింది. ఆ సంగతికి వస్తాను.

జబ్బు గురించి వదిన మొదట నాకే చెప్పింది. అన్నకు ఆసుపత్రి వాసన తగిలితే కళ్ళు తిరుగుతాయి. "ఆయన్ను పిలుచుకొని పోతే నేనే మోసుకొని రావల్ల. నువ్వు రాప్పా" అంది. ఆపరేషను, తరువాత నెలల తరబడి మందు ఎక్కించడం, ఆ పైన ఐదు వారాలు రేడియేషను. రోజూ బస్సులో ఇద్దరమూ వెళ్ళొచ్చేవాళ్ళం. నోటికి ఏ రుచీ తెలియడం లేదనేది, అన్నం తింటుంటే గోడ సున్నం నాకినట్టుందనేది.

ఆఖరి రోజు తిరిగొస్తుంటే మా స్టాపు రాకముందే లేచి దిగిపోయింది. వెనకాలే నేనూ దిగాను. ఎదురుగా నిలబడి తినే హోటలు. చౌచౌ బాత్ కావాలంది. ఒకే ప్లేటులో ఒక పక్క ఖారా బాత్ అనే కారం ఉప్మా, ఒక పక్క తీపి కేసరి బాత్. కేసరి వైపు నుంచి మొదలుపెట్టింది. రెండు చెంచాలు తిని ఆగి, "తీపి తెలుస్తా ఉండాది" అంది. తలకు కట్టుకున్న గుడ్డ జారిపోతున్నా సర్దుకోలేదు. ప్లేటు ఖాళీ చేసి, వచ్చే ఏడు ఇదే తేదీకి మళ్ళీ రావాలని అక్కడే తీర్మానించేసింది.

మరుసటేడు నేను పంచాంగం తిరగేసి, తిథి ప్రకారం ఆ రోజు పదకొండు రోజులు ముందే వస్తోందని తేల్చాను. ఒక చీర, ఒక స్వీటు పెట్టె పట్టుకుని వెళ్ళాను. వదిన గిన్నెలు తోముతోంది. ఎందుకొచ్చానో విని, సబ్బు చేతులతోనే నిలబడి నవ్వింది.

"తిథులు పోయినోళ్ళకు పెట్టేదప్పా. నేను ఉండాను కదా."

శ్రీరామనవమి తిథి కాదా అని వాదించాను. ఆయన దేవుడు, నాకు తేదీ సాలు అంది. చీర తీసుకుంది, స్వీట్లు తీసుకుంది, పదకొండు రోజుల తరువాత ఇంకో చీర తెమ్మంది.

అప్పట్నుంచి ఏటేటా కొత్త క్యాలెండరు గోడకు తగిలించగానే ఆ తేదీ చుట్టూ కుంకుమతో సున్నా చుట్టేది. ఆ తేదీకి వారం ముందు పరీక్షలుండేవి. ఆ వారం ఎవరితోనూ మాట్లాడేది కాదు, తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. రిపోర్టు బాగుందని తెలిశాక కూడా చేతిలో గిన్నె పూర్తయ్యాకే నవ్వేది. నీకు ధైర్యం ఎక్కువ వదినా అని ఒకసారి అన్నాను. "సుమ్నే ఉండప్పా, ధైర్యమేంది. భయమవుతాది. భయపడుకుంటానే చీర కట్టుకుంటాను" అంది.

ఆ చీరల సంగతీ చెప్పాలి. బీరువాలో కలరా ఉండల మధ్య ముప్పై ఏళ్ళు దాచిన పట్టుచీరలన్నీ బయటికి తీసింది. కూరగాయలకు పట్టుచీర, రేషను అంగడికి పట్టుచీర. రద్దీ బస్సులో కంచిపట్టు నలిగిపోతుంటే చూడలేక నేను కిటికీ వైపు తిరిగేవాణ్ణి.

తీసేసిన రొమ్ము చోట జాకెట్టులో పెట్టుకునే మెత్తను ఆమే కుట్టుకుంది. మా అంగట్లో మిగిలిన మెత్తటి నూలుగుడ్డ ముక్కలు అడిగి తీసుకుంది. దూది ఒక్కటే అయితే బరువు చాలక పైకి జరుగుతోందని లోపల రాగులు పోసింది. "సగం రాగులు మీ అన్న ముద్దకు, సగం నాకు" అని తనే నవ్వింది. ఆసుపత్రిలో పరిచయమైన ఆడవాళ్ళకు అలాంటివి ఎన్ని కుట్టిచ్చిందో నాకు తెలియదు. ఆమె పోయిన పదమూడో రోజున మేమెవరమూ ఎరగని ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ఒకావిడ ఎద మీద కొంగు సర్దుకుంటూ, "ఇది ఆమె కుట్టిందే" అంది. మిగతా ఇద్దరూ తలూపారు. భోంచేసి వెళ్ళిపోయారు.

అన్న మాత్రం ఆ హోటలుకు ఒక్కసారీ రాలేదు. పోయిన జబ్బుకు పండగ చేస్తే దిష్టి తగులుతుందని ఆయన భయం. ఆ తేదీన మమ్మల్ని పంపి, తిరిగొచ్చేదాకా వాకిట్లోనే నిలబడి ఉండేవాడు. వదిన పోరు పెట్టేది కాదు. ఎప్పుడో ఒగ పొద్దు వస్తాడులే అనేది.

పదమూడో రోజు అయిపోయాక, నెలనెలా పెట్టే మాసికాలకు తిథి చూసి రాసిమ్మని అన్న నన్నే అడిగాడు. పంచాంగం తెరిచాను. బహుళ షష్ఠి. సబ్బు చేతులతో ఆమె అన్న మాట గుర్తొచ్చింది. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. కానీ ఇకమీదట ఈ ఇంట్లో ఆమెకు తిథే మిగులుతుందని, కుంకుమ చుట్టిన ఆ గడి ఎవరికీ పట్టకుండా పోతుందని భయం పట్టుకుంది. ఆ మాట అన్నతో ఎలా అంటాను? వాళ్ళకు పిల్లలు లేరు, కర్మ చేసింది ఆయనే. ఏడాదిపాటు బయటి తిండి ముట్టకూడదు. ఆయన నియమం తప్పే మనిషి కాడు. ఒక్కణ్ణే వెళ్ళి తినడానికి నాకు మనసొప్పదు.

పోయిన వారం ఆ తేదీ వచ్చింది. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా అన్న. ఉతికిన పంచె, చొక్కాకు మెడ దాకా గుండీలు. "పోదామా" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు, నియమం మాత్రం గుర్తుచేశాను.

"తెలుసప్పా. కుంకుమ ఇంకా అట్లే ఉండాది" అన్నాడు.

హోటల్లో బల్ల దగ్గర ఇద్దరమూ నిలబడ్డాం. రెండు చౌచౌ బాత్‌లు తెచ్చాను. అన్న చెంచా పట్టుకుని ప్లేటును అటోసారి ఇటోసారి తిప్పాడు.

"మీ వదిన ఏ పక్క నుంచి తినేది?"

కేసరి చూపించాను. ఆయనకు తీపి ఇష్టం లేదు. అయినా ఒక్కో చెంచా తీసుకుంటూ ఆ పక్కంతా ఖాళీ చేశాడు. అంచున మిగిలినదాన్ని వేలితో తుడిచి నాకాడు. ఖారా బాత్ చల్లారి గట్టిపడింది, దాన్ని ముట్టలేదు. చేతులు కడుక్కోమంటే వద్దన్నాడు.

ఇంటికి నడిచినంతసేపూ, కేసరి రంగు అంటిన ఆ వేలిని పంచెకు తగలకుండా ఎడంగా పట్టుకునే నడిచాడు.